పేరున్న కట్టడాలు, విపరీతమైన జనం: వెళ్ళే ముందు తరచుగా అడిగే ప్రశ్నలు

తాజ్‌మహల్, రోమ్‌లోని కొలోసియం, పెరూలోని మచుపిచ్చు లాంటి చోట్లకి వెళ్ళొచ్చిన వాళ్ళు చాలామంది చెప్పే మాట ఒకటే: "అబ్బో, ఇసకేస్తే రాలనంత జనం. ఏం చూశామో గుర్తే లేదు." మొదట్లో నేనూ అలాగే తిరిగొచ్చాను. తర్వాత పద్ధతి మార్చుకుని అలాంటి చోట్లకే మళ్ళీ వెళ్ళాను, కళ్ళారా చూసి వచ్చాను. జనం తగ్గలేదు. ఎప్పుడు వెళ్ళాలి, ఎవరితో వెళ్ళాలి, ఏది వదిలెయ్యాలి అన్నవి ముందే తేల్చుకున్నాను, అంతే. ప్రయాణం పెట్టుకున్న ప్రతివాళ్ళూ అడుగుతున్న ప్రశ్నలకి నాకు తెలిసిన జవాబులు ఇవి.

అంత రద్దీ అని తెలిసి కూడా వెళ్ళాలా?

చూడాలని మీకు నిజంగా ఉంటే తప్పకుండా వెళ్ళండి. ఫోటోలో రంగు తెలుస్తుంది, ఆకారం తెలుస్తుంది, కొలత మాత్రం తెలియదు. జోర్డాన్‌లోని పురాతన నగరం పెట్రాలో 1.2 కిలోమీటర్ల ఇరుకు లోయలో నడిచి నడిచి, రెండు బండల మధ్య సందులోంచి కొండని తొలిచి చేసిన ఆ ముఖద్వారం ఒక్కసారిగా కనబడినప్పుడు మెడ దానంతట అదే పైకి లేస్తుంది. ఆ అనుభవం ఫోన్ తెరమీద దొరకదు. అందరూ వెళ్ళారు కాబట్టి మనమూ వెళ్ళాలి అనుకుంటే మాత్రం ఆ డబ్బూ టైమూ మీకు ఇష్టమైన ఇంకో చోట పెట్టుకోండి.

జనం తక్కువగా ఉండే టైం అంటూ ఉంటుందా?

ఉంటుంది. అది తెలుసుకోవాలంటే జనం ఎక్కడినుంచి వస్తున్నారో చూడాలి. ఇలాంటి చోట్లకి వచ్చేవాళ్ళలో చాలామంది రాత్రి అక్కడ ఉండరు. దగ్గర్లోని పెద్ద ఊరినుంచో, రేవులో ఆగిన ఓడ నుంచో బస్సుల్లో వచ్చి సాయంత్రానికి వెళ్ళిపోతారు. మెక్సికోలోని చిచెన్ ఇట్జానే తీసుకోండి. కాన్‌కూన్ హోటళ్ళ దగ్గర పొద్దున బయల్దేరిన బస్సులు రెండు మూడు గంటలు ప్రయాణం చేసి అక్కడికి చేరతాయి. అందుకే మధ్యాహ్నానికి ముందు ఒక్కసారిగా జనం పోటెత్తుతారు. ముందురోజు రాత్రి పక్క ఊళ్ళో ఉండిపోయినవాళ్ళు గేటు తెరవగానే లోపలికి వెళ్ళి, ఆ బస్సులు వచ్చేసరికి సగం చూసేస్తారు. రద్దీని తప్పించుకోవడానికి నాకు తెలిసిన ఉపాయాల్లో ఇంతకు మించింది లేదు: ఒక రాత్రి అక్కడే ఉండండి.

"పొద్దున్నే వెళ్ళండి" అనే సలహా అన్నిచోట్లా పనికిరాదు. కంబోడియాలోని ఆంకోర్‌వాట్ పడమటి ముఖంగా ఉన్న గుడి. సూర్యుడు శిఖరాల వెనక నుంచి వస్తాడు కాబట్టి సూర్యోదయానికి అందరూ ముందున్న కొలను గట్టుమీదే చేరతారు. చీకట్లో లేచి వెళ్ళి నేనూ ఆ గుంపులో నిలబడ్డాను, ముందువాళ్ళ ఫోన్ల మధ్య సందుల్లోంచే చూశాను. తెల్లారగానే ఆ జనంలో చాలామంది టిఫిన్‌కి హోటళ్ళకి వెళ్ళిపోయారు. మేం వెళ్ళకుండా లోపలికి నడిచి తూర్పువైపు వసారాకి వెళ్ళాం. అక్కడ గోడమీద సుమారు 49 మీటర్ల పొడవున క్షీరసాగర మథనం చెక్కి ఉంటుంది. ఒకవైపు 92 మంది అసురులు, మరోవైపు 88 మంది దేవతలు వాసుకిని పట్టుకుని లాగుతుంటారు, మధ్యలో విష్ణువు. కవ్వం దగ్గరికి వచ్చేకొద్దీ కింద సముద్రంలో ఉన్న చేపలూ మొసళ్ళూ ఆ చిలుకుడుకి ముక్కలైపోయి కనిపిస్తాయి. చిన్నప్పటినుంచి విన్న కథే, కానీ ఆ తెగిన చేపల సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. అరగంటసేపు ఆ గోడ ముందు మేమూ ఇంకో నలుగురూ తప్ప ఎవరూ లేరు.

సెలవు రోజు కూడా చూసుకోండి. తాజ్‌మహల్ శుక్రవారం మూసేస్తారు. లూవ్ర్ మ్యూజియం మంగళవారం ఉండదు, వెర్సయ్ కోట సోమవారం ఉండదు. లూవ్ర్ లేని మంగళవారం నాడు పారిస్‌లో ఉన్నవాళ్ళు వెర్సయ్ మీద పడతారు. అంటే మీరు వెళ్ళే చోటి సెలవుతోపాటు, ఆ ఊళ్ళో ఉన్న మిగతా పెద్ద ఆకర్షణల సెలవు కూడా చూడాలి. ఉచిత ప్రవేశం ఉన్న రోజు కనబడితే సంబరపడి వెళ్ళొద్దు. వాటికన్ మ్యూజియంలలో నెలలో చివరి ఆదివారం ఉచితం. ఆ రోజు మిగిలే డబ్బుకి బదులు పూటంతా క్యూలోనే గడిచిపోతుంది.

టికెట్లు ఎంత ముందు కొనాలి?

విమానం, హోటల్ బుక్ చేసేశాక చివర్లో టికెట్ సంగతి చూడటం చాలామంది చేసే పొరపాటు. ఈ కాలంలో వరస తిరగెయ్యాలి. ముందు టికెట్ దొరుకుతుందో లేదో చూసి, ఆ తేదీని బట్టి మిగతావి పెట్టుకోవాలి. ఆమ్‌స్టర్‌డామ్‌లో, నాజీల నుంచి దాక్కుని డైరీ రాసిన అమ్మాయి ఆన్ ఫ్రాంక్ ఇంటికి టికెట్లు ఆన్‌లైన్‌లో మాత్రమే అమ్ముతారు. ఆరు వారాల తర్వాతి టికెట్లు ప్రతి మంగళవారం విడుదలవుతాయి. గుమ్మం దగ్గరికి వెళ్ళి అడిగితే ఇవ్వరు. స్పెయిన్‌లోని అల్‌హంబ్రా కోటలో నస్రీద్ రాజభవనాలకి టికెట్ మీద వేసిన స్లాట్ (లోపలికి వెళ్ళాల్సిన టైం) దాటిపోతే లోపలికి రానివ్వరు. ఏథెన్స్‌లో కొండమీద పురాతన గుళ్ళున్న అక్రోపోలిస్‌లో 2023 సెప్టెంబర్ నుంచి రోజుకి 20,000 మంది పరిమితి, గంటల వారీ స్లాట్లు పెట్టారు. ఇటలీలోని పాంపేయి శిథిలాల్లోనూ 2024 నవంబర్‌లో అదే సంఖ్యకి పరిమితి వచ్చింది.

కొలోసియం, పాంపేయి లాంటి చోట్ల టికెట్ మీద పేరు ఉంటుంది. పాస్‌పోర్టులో ఉన్నట్టే పేరు టైపు చెయ్యండి. మన ఇంటిపేరు ముందో వెనకో అనే తికమక గేటు దగ్గర అనవసరమైన టెన్షన్ తెస్తుంది.

అధికారిక వెబ్‌సైట్‌లో టికెట్లు అయిపోయాయి, వేరే సైట్లలో మాత్రం ఉన్నాయి. కొనొచ్చా?

ముందు మీరు చూసినది నిజంగా అధికారిక సైటేనా అని నిర్ధారించుకోండి. వెతికినప్పుడు పైన కనబడేవాటిలో చాలావరకు ప్రకటనలే. నేనొకసారి అలాంటి సైట్‌లోనే, బొమ్మలూ రంగులూ చూసి నమ్మి, అసలు ధరకి రెట్టింపు కట్టాను. చివరికి వచ్చింది నేను అడిగిన గంటకి కాదు, అడిగిన భాగానికీ కాదు. డబ్బు తిరిగి రాలేదు. అప్పటినుంచి ఆ కట్టడం నిర్వహించే ప్రభుత్వ శాఖ లేదా ట్రస్టు పేజీ నుంచి మొదలుపెట్టి, అక్కడి లింక్ పట్టుకునే టికెట్ల దగ్గరికి వెళ్తున్నాను.

టికెట్లు ఎందుకు మాయమవుతాయి అనే దానికి ఒక ఉదాహరణ ఉంది. కొలోసియం టికెట్లని కంపెనీలు కంప్యూటర్ ప్రోగ్రాములతో మూకుమ్మడిగా కొనేసి, టూర్లతో కలిపి ఎక్కువ ధరకి అమ్ముతున్న వ్యవహారంలో ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ 2025లో మొత్తం మీద 2 కోట్ల యూరోలకి దగ్గరగా జరిమానాలు వేసింది. మామూలు సందర్శకుడు ఎంత పొద్దున లేచి చూసినా ఆ యంత్రాలతో పోటీ పడలేడు. అది అన్యాయం అనే అంటాను.

అయితే పేరున్న టూర్ కంపెనీలకి అధికారికంగా కేటాయించిన టికెట్లు కొన్ని ఉంటాయి. అసలు సైట్‌లో దారి లేకపోతే గైడ్‌తో కలిపిన టికెట్ కొనడం తప్పేమీ కాదు. గైడ్ ఉంటాడా, ఎంతసేపు ఉంటాడు, ఏ భాగం చూపిస్తాడు అనేవి చదివి కొనండి. గేటు బయట చేతిలో కాగితాలు ఊపుతూ తిరిగేవాళ్ళ దగ్గర మాత్రం వద్దు.

టికెట్ల మీద "స్కిప్ ద లైన్" అని ఉంటే క్యూ ఉండదా?

టికెట్ కౌంటర్ దగ్గరి క్యూ ఉండదు. భద్రతా తనిఖీ క్యూ అందరికీ ఉంటుంది. చాలాచోట్ల ఎక్కువసేపు నిలబెట్టేది అదే. పెద్ద బ్యాగు లేకుండా వెళితే కాస్త త్వరగా తెములుతుంది.

గైడ్, ఆడియో గైడ్, గ్రూప్ టూర్, సొంతంగా తిరగడం: వీటిలో ఏది మంచిది?

నన్ను అన్నిటికంటే ఎక్కువమంది అడిగేది ఇదే. జవాబు మీ జేబుని బట్టి కాకుండా ముందు ఆ చోటుని బట్టి ఉండాలి. నా లెక్క ఇది: మొండిగోడలు మాత్రమే మిగిలిన చోట చెప్పే మనిషి కావాలి. కట్టడం నిండుగా నిలబడి ఉన్న చోట మీకు టైం కావాలి.

పాంపేయికి నేను మొదటిసారి ఒక్కణ్ణే వెళ్ళాను. క్రీ.శ. 79లో వెసూవియస్ బద్దలై పూడ్చేసిన ఊరు. మ్యాపు పట్టుకుని రెండు గంటలు తిరిగేసరికి అన్ని వీధులూ ఒకేలా కనిపించాయి. కాళ్ళు పీకాయి, ఎండకి తల మాడిపోయింది, గోడ పక్కన గోడ తప్ప ఏమీ పట్టుబడలేదు. రెండోసారి గైడ్‌తో వెళ్ళాను. ఆయన ఏ గొప్ప భవనానికీ తీసుకెళ్ళకుండా ముందు ఒక మామూలు వీధి మధ్యలో ఆపాడు. దారికి అడ్డంగా మూడు పెద్ద రాళ్ళు, కాలిబాటంత ఎత్తున పాతి ఉన్నాయి. వాన నీళ్ళూ మురుగూ పారే వీధిలో కాలు తడవకుండా దాటడానికి అవి. రాళ్ళ మధ్య ఖాళీల్లోకి వంగి చూడమన్నాడు. పలకరాయి మీద లోతుగా రెండు గాళ్ళు, నా చెయ్యి సగం దిగేంత. బండిచక్రాలు ఏళ్ళ తరబడి అదే చోట దొర్లి చేసిన గాళ్ళు. ఇరుసు కొలత రాళ్ళ మధ్య ఖాళీకి సరిపోవాలి, లేకపోతే బండి దాటదు. అంతవరకు శిథిలంగా కనిపించిన వీధిలో నాకు బండివాళ్ళ కేకలు వినబడినట్టయింది. మొదటిసారి ఆ రాళ్ళ మీదుగానే నడిచి దాటాను, వాటిని చూడలేదు. పురాతన నగరం, కోట శిథిలాలు, తవ్వకాల ప్రదేశం ఏదైనా సరే, గైడ్ డబ్బు దగ్గర వెనకాడొద్దని అందుకే చెప్తాను.

తాజ్‌మహల్ సంగతి వేరు. కట్టడం మొత్తం కళ్ళ ఎదుట ఉంది. అక్కడ గుక్క తిప్పుకోకుండా మాట్లాడే గైడ్ ఉంటే చూడటానికి తీరిక ఉండదు. ముందురోజు చదువుకుని వెళ్ళి, ఒకచోట కూర్చుని పాలరాయి రంగు వెలుతురుని బట్టి మారడం చూస్తే చాలు. ఒక్క సంగతి మాత్రం నాకు వేరేవాళ్ళు చూపించారు. పక్కన ఎవరి గైడో చిన్న టార్చి తీసి గోడమీద పొదిగిన పువ్వుకి దగ్గరగా పెట్టాడు. ఎర్రటి కార్నీలియన్ రాయి నిప్పుకణికలా లోపలినుంచి వెలిగింది. చుట్టూ ఉన్న పాలరాయి కూడా వెలుతురుని కొంచెం పీల్చుకుని మెరిసింది.

ఆడియో గైడ్ ఈ రెంటికీ మధ్యస్థం. ఆపుకోవచ్చు, మళ్ళీ వినొచ్చు, ఎవరికోసమూ పరుగెత్తక్కర్లేదు. మ్యూజియంలకీ రాజభవనాలకీ బాగా సరిపోతుంది. ఇయర్‌ఫోన్లు సొంతవి తీసుకెళ్ళండి.

గ్రూప్ టూర్ దూరాభారం ఉన్న చోట్లకి, భాష రాని చోట్లకి, ఒంటరిగా వెళ్ళడానికి జంకేవాళ్ళకి మేలు. గుంపులో ఎంతమంది ఉంటారో అడగండి. పదిమంది లోపు ఉంటే గైడ్‌ని ప్రశ్నలు అడగొచ్చు. నలభై మంది ఉంటే మీరు గైడ్ పట్టుకున్న జెండా వెంట నడుస్తారు, అంతే.

కొన్నిచోట్ల మీ చేతిలో ఏమీ ఉండదు. జర్మనీలోని నోయిష్వాన్‌స్టైన్ కోట లోపలికి వాళ్ళ టూర్‌లోనే వెళ్ళాలి, అరగంట ప్రాంతంలో ముగుస్తుంది. మచుపిచ్చులో టికెట్‌తోపాటే ఏ దారిన నడవాలో నిర్ణయమైపోతుంది. కొనేముందే మీకు కావలసిన దృశ్యం ఏ దారిలో ఉందో చూసుకోండి. అక్కడికి వెళ్ళాక మార్చరు.

మంచి గైడ్ అని ఎలా తెలుస్తుంది?

గుర్తింపు కార్డు అడగండి. నిజమైన గైడ్ అడిగినందుకు నొచ్చుకోడు. తర్వాత ఒక్క ప్రశ్న వెయ్యండి: "ఇక్కడ మీకు బాగా ఇష్టమైన చోటు ఏది?" ఇష్టం ఉన్న మనిషి వెంటనే చెప్తాడు, ఎందుకో కూడా చెప్తాడు. "అన్నీ బాగుంటాయి సార్" అంటే ఇంకొకరిని చూసుకోండి.

ఎంతసేపు, ఎంత డబ్బు, లోపలి టికెట్ కలిపా విడిగానా, మధ్యలో ఏ దుకాణానికైనా తీసుకెళ్తారా అనేవి బయల్దేరే ముందే మాట్లాడుకోండి. "చూడటానికి డబ్బులక్కర్లేదు, ఐదు నిమిషాలే" అంటూ తీసుకెళ్ళే షాపులో గైడ్‌కి కమీషన్ ఉంటుంది, మీకు గంట పోతుంది. మొహమాటపడకుండా "మాకు షాపింగ్ వద్దండీ" అని మొదట్లోనే చెప్పెయ్యండి. ఆ మాట చెప్పినందుకు ఇంతవరకు నా టూర్ పాడైంది లేదు.

ఎక్కడైనా దిగి మళ్ళీ ఎక్కుతూ ఊరంతా తిరగగలిగే హాప్ ఆన్ హాప్ ఆఫ్ బస్సు పనికొస్తుందా?

మొదటిరోజు ఊరి రూపురేఖలు తెలియడానికి, నడవలేని పెద్దవాళ్ళకి పనికొస్తుంది. అది ఎక్కితే కట్టడాలు చూసినట్టు కాదు.

ఒక్కరోజులో ఎన్ని చూడొచ్చు?

పెద్దది ఒకటి, చిన్నది ఒకటి. అంతకు మించితే మొక్కుబడిగా తిరిగినట్టే. పెద్దదాంట్లో కూడా అన్నీ చూడాలనే పట్టుదల వదిలెయ్యండి. లూవ్ర్‌లో నేరుగా మోనాలిసా దగ్గరికి పరుగెత్తి, 77 సెంటీమీటర్ల ఎత్తు, 53 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ఆ బొమ్మని జనం తలల మీదుగా చూసి "ఇంతేనా?" అని డీలా పడేవాళ్ళు చాలామంది. పక్క గదుల్లో లియొనార్డో గీసిన మిగతా చిత్రాల ముందు అంత జనం ఉండరు, దగ్గరగా నిలబడి చూడొచ్చు.

టైం పరిమితి కూడా గుర్తుంచుకోండి. తాజ్‌మహల్ టికెట్ మూడు గంటలకే చెల్లుతుంది. బీజింగ్‌లో చక్రవర్తుల రాజభవనమైన నిషిద్ధ నగరంలో దక్షిణ ద్వారంలో ప్రవేశించి ఉత్తరం వైపు సాగాలి, వెనక్కి రావడం కుదరదు. కలుసుకునే చోటు, కారు ఆపే చోటు బయటికొచ్చే వైపు పెట్టుకోండి.

చుట్టూ షాపులు, అరుపులు, వెంటపడి అమ్మేవాళ్ళు. ఆ వ్యాపారం చూస్తే మనసు పాడవుతోంది. ఏం చెయ్యాలి?

ఈ బాధ నాకూ ఉంది. కానీ ఒక సంగతి తెలిశాక కొంత తగ్గింది. ఇప్పటి టర్కీలో ఉన్న ఎఫెసస్‌లో అర్తెమిస్ అనే గ్రీకు దేవత గుడి ఉన్న రోజుల్లోనే, ఆ దేవత వెండి గుళ్ళు చేసి అమ్ముకునే దేమేత్రి అనే కంసాలి ఒకడుండేవాడు. కొత్త మతం వల్ల తన వ్యాపారం పోతుందని తోటి పనివాళ్ళని రెచ్చగొట్టి ఊళ్ళో గొడవ చేయించాడని బైబిల్ అపొస్తలుల కార్యములలో రాసి ఉంది. పెట్రా అయితే వ్యాపార మార్గాల మీద వచ్చిన డబ్బుతో వెలిసిన ఊరే. గొప్ప కట్టడం పక్కన అంగడి వెలవడం నిన్నమొన్నటి సంగతి కాదు. అక్కడ అమ్మేవాళ్ళు ఆ ఊరివాళ్ళు, వాళ్ళ పొట్టకూడు అది. వద్దనుకుంటే ఒక్కసారి స్పష్టంగా వద్దని చెప్పి, ఆగకుండా నడవండి. బేరమాడి ఊరికే వదిలెయ్యడం వాళ్ళకీ కష్టం, మీకూ కష్టం.

నాకు కోపం తెప్పించేది వేరే ఉంది. ఎక్కడో తయారైన బొమ్మని ఆ ఊరి చేతిపని అని చెప్పి అమ్మడం. అందుకే చేసేవాళ్ళని చూసి, వాళ్ళ చేతుల మీదుగానే కొంటాను.

ఫోటోల గురించి ఏమైనా నియమం ఉందా?

ముందు ఐదు నిమిషాలు ఫోన్ తియ్యకుండా చూడండి, తర్వాత తియ్యండి. సిస్టీన్ చాపెల్ లోపల, తాజ్‌మహల్ సమాధి గదిలో అసలు ఫోటోలు తియ్యకూడదు. కాపలావాళ్ళ కన్నుగప్పి తీసే ప్రయత్నం చెయ్యొద్దు.

పెద్దవాళ్ళు, పిల్లలు వెంట ఉంటే?

దూరం, మెట్లు, నీడ ఈ మూడూ ముందే కనుక్కోండి. పెట్రాలో మొనాస్టరీ అనే ఇంకో కట్టడానికి సుమారు 800 మెట్లు ఎక్కాలి. మొదట చెప్పిన ఆ ఇరుకు లోయలో వెళ్ళినంత దూరమూ తిరిగి నడవాలి. అక్రోపోలిస్ మీద పాలరాయి అరిగిపోయి జారుతుంది, నీడ దాదాపు ఉండదు. 2023 జులైలో ఎండ తీవ్రతకి దాన్ని మధ్యాహ్నం పూట మూసేశారు కూడా. నడవలేనివాళ్ళ కోసం లిఫ్టు లాంటివి కొన్నిచోట్ల ఉంటాయి, ముందుగా అడిగితేనే చెప్తారు. పిల్లల చొక్కా జేబులో మీ ఫోన్ నంబర్ రాసిన కాగితం పెట్టండి. తప్పిపోతే ఎక్కడ నిలబడాలో లోపలికి వెళ్ళగానే వేలు పెట్టి చూపించండి.

రద్దీ మరీ భరించలేం అనుకుంటే వేరే దారి ఉందా?

ఉంది. అదే కట్టడాన్ని ఇంకోవైపు నుంచి చూడొచ్చు. తాజ్‌మహల్‌కి యమున అవతలి ఒడ్డున మెహతాబ్ బాగ్ ఉంది. నిషిద్ధ నగరం పైకప్పులన్నీ ఉత్తరాన ఉన్న జింగ్‌షాన్ గుట్ట మీదనుంచి ఒకేసారి కనిపిస్తాయి. చైనా గోడ చూడాలంటే అందరూ వెళ్ళే బాదాలింగ్‌కే వెళ్ళక్కర్లేదు. జిన్‌షాన్‌లింగ్ దూరం, ఎక్కడం కష్టం, కానీ అక్కడ గోడ మీద మీ అడుగుల చప్పుడు మీకు వినబడుతుంది.

మనం వెళ్ళడం వల్లే అవి పాడవుతున్నాయి కదా?

కొంతవరకు నిజమే. వెనిస్‌లో 2024 నుంచి టూర్ గుంపులో 25 మందికి మించకూడదు, లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. అలాంటి నియమాలు మనకి ఇబ్బంది అనిపించినా పాటించాలి. గోడలు తాకకుండా ఉండటం, తాడు దాటకుండా ఉండటం మన చేతిలో పనే.

కొన్నిచోట్ల ఆ జాగ్రత్త కూడా చాలదు. ఫ్రాన్స్‌లోని లాస్కో గుహ 1940లో బయటపడింది. దాని గోడలమీద ఆదిమానవులు వేసిన, వేల ఏళ్ళు చెక్కుచెదరని బొమ్మలు, సందర్శకుల ఊపిరి వల్ల, లోపలి దీపాల వల్ల కొద్ది ఏళ్ళలోనే పాడవడం మొదలైంది. 1963లో గుహని జనానికి మూసేశారు. 1983లో ఒక నకలు కట్టారు, 2016లో ఇంకా పెద్దది తెరిచారు. నకలుకి ఎందుకు వెళ్ళాలని చాలామంది అడుగుతారు. నేను వెళ్ళమనే చెప్తాను. గోడ ఒంపుల దగ్గరనుంచి కొలిచి కట్టిన ఆ చల్లటి చీకట్లో, ఐదు మీటర్లు దాటిన ఎద్దు బొమ్మ మీ తలపైన నిలబడి ఉంటుంది. అసలుది పక్క కొండలోనే ఉంది, తలుపు మూసి.